ఐమూల కొలత

గజపతినగరంలో తలుపు బందు ఊడినవాళ్ళూ, కుళాయి మర అరిగినవాళ్ళూ, గొళ్ళెం పోగొట్టుకున్నవాళ్ళూ నగరేశ్వరరావు ఇనపసామాన్ల కొట్టుకి వస్తారు. ఊడిన వస్తువు వెంట తెచ్చే అలవాటు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. రెండు వేళ్ళు ఎడంగా పెట్టి, ఇంతుంటాది బాబూ అని గాల్లో చూపిస్తారు. ఆయన ఆ గాలిని కాసేపు గౌరవంగా పరిశీలించి, వెనక్కి తిరిగి, అరలోంచి ఒక వస్తువు తీసి బల్ల మీద పెడతాడు. అది సరిపోతుంది. ఏళ్ళ తరబడి సరిపోతూనే ఉంది. మండలంలో సగం తలుపులు ఆయన మాట మీద మూసుకుంటున్నాయి, తక్కిన సగం ఆయన మాట మీద తెరుచుకుంటున్నాయి.

ఇంతమందికి సైజు చెప్పిన మనిషి తన కోసం ఒక్క వస్తువు సైజయినా తాను చెప్పుకున్న దాఖలా మాత్రం ఎక్కడా లేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఇళ్ళకీ వాకిళ్ళకీ ఆయం కట్టించడం అందరూ చేసేదే. కొలతని ఎనిమిదితో భాగించి, ఒకటి మిగిలితే ధ్వజాయం, రెండు మిగిలితే ధూమాయం, అలా వరసగా పేర్లు పెట్టి, బేసి మిగిలితే మంచిదనీ సరి మిగిలితే చెడ్డదనీ సిద్ధాంతులు చెబుతారు. నగరేశ్వరరావు తల్లి కాంతమ్మగారు ఈ శాస్త్రాన్ని గోడల దగ్గర ఆపలేదు. నాలుగు మూలలున్న వస్తువేదైనా సరే, సిద్ధాంతిగారి లెక్కకి నిలబడితే తప్ప గడప దాటి లోపలికి రాకూడదు. బీరువా, కొట్టు బోర్డు, నీళ్ళ ట్యాంకు మూత, అన్నీ అలా వచ్చినవే. నగరేశ్వరరావు పెళ్ళికి చేయించిన మంచం, నాలుగు మిగిలి, శ్వానాయంలో పడిందని కాళ్ళవైపు రెండంగుళాలు కోయించారు. అప్పటినుంచి ఆయన పాదాలు శాస్త్రానికి బయట పడుకుంటున్నాయి.

కాంతమ్మగారిది మూఢనమ్మకం అనడానికి వీల్లేదు. ఆవిడది అనుభవం. ఆవిడ భర్త ఒకే ఒక్కసారి సిద్ధాంతిగారిని అడక్కుండా ఒక టేబుల్ ఫాను కొన్నారు. ఫాను గుండ్రంగా ఉంటుంది గనక దానికి మూలలు లేవని ఆయన వాదం. ఫానుకి లేవు గానీ అది వచ్చిన పెట్టెకి ఉన్నాయి. ఆ ఏడాదే ఆయన పోయారు. విజయనగరం పాలిటెక్నిక్‌లో రెండో ఏడు చదువుతూ, డ్రాయింగు బోర్డు ముందు నిలబడి గీతలు గీస్తూ బతికేద్దామనుకున్న నగరేశ్వరరావు చేతికి కొట్టు తాళాలొచ్చాయి. ఆ తర్వాత తల్లి ఏ వస్తువుని చూసి మూలలెన్నిరా అని అడిగినా, ఆయన ఎదురు మాట్లాడకుండా లెక్కపెట్టి చెప్పేవాడు. ఫాను పెట్టె ఇప్పటికీ అటక మీద ఉంది. దాన్ని పారేయడానికి మంచిరోజు దొరకలేదు.

రెండువేల పదహారు ఎండాకాలంలో, ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే ప్రదీప్ అనే ఆయన విజయనగరం నుంచి పనిమీద వచ్చి, దారిలో నైలాన్ బోల్టుల కోసం ఈ కొట్టు దగ్గర ఆగాడు. ఇంత చిన్న బోల్టులు దేనికని నగరేశ్వరరావు అడిగాడు. ప్రదీప్ మాటల్లో చెప్పకుండా సంచీలోంచి ఒక డ్రోన్ తీసి, కొట్టు పక్క ఖాళీ స్థలంలో పెట్టి, నల్లటి పెద్ద కళ్ళజోడొకటి ఆయన మొహానికి తగిలించాడు. ఆ డ్రోన్ ముక్కున కెమెరా ఉంటుంది. అది ఏది చూస్తే కళ్ళజోడు పెట్టుకున్నవాడికి అదే కనిపిస్తుంది. మనిషి కింద కూర్చునే ఉంటాడు, చూపు మాత్రం పైన తిరుగుతుంది. ఇలాంటివాటితో పందేలు కూడా జరుగుతాయని చెబుతూ ప్రదీప్ దాన్ని లేపాడు.

నగరేశ్వరరావుకి మొట్టమొదట తన కొట్టు పైకప్పు కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన దాన్ని చూడటం అదే మొదలు. రేకుల మీద ఎవరిదో ఒక చెప్పు, చిరిగిన గాలిపటం, తండ్రి హయాంలో పోయిందనుకున్న చీపురు ఉన్నాయి. రేకుల అంచు కింద, అరుగు మీద, నల్ల కళ్ళజోడు పెట్టుకుని నోరు తెరుచుకుని కూర్చున్న ఒక బట్టతల మనిషి కనిపించాడు. ఎవరో పాపం అనుకున్నాడు. తానేనని తెలియడానికి కొంచెం టైము పట్టింది. ఆ తర్వాత డ్రోన్ వంగి, మలుపు తిరిగి, రైల్వేగేటు దాకా పోయి వచ్చింది. కళ్ళజోడు తీసేసరికి బేరానికొచ్చిన మనిషి ఎదురుగా నిలబడి, ఏటి బాబూ ఒంట్లో బాగులేదా అని అడుగుతున్నాడు.

డిసెంబరులో విశాఖపట్నంలో ఒక మైదానంలో పోటీ జరగబోతోంది. వయసు నియమం లేదు. కట్టిన గేట్లలోంచి దూరి, చుట్లు పూర్తి చేసి రావాలి. డ్రోన్ సైజు మాత్రం రెండు వందల యాభై మిల్లీమీటర్లకి మించకూడదు. ప్రదీప్ ఇదంతా మాటవరసకి చెప్పాడు. నగరేశ్వరరావు దాన్ని మనసుకి మేకు కొట్టి తగిలించుకున్నాడు. గెలవాలని కాదు. ఒక్కసారి ఆ గేట్లలోంచి దూరి చివరిదాకా వెళ్ళి రావాలి. నలభై దాటిన మనిషి, తనంతట తాను ఒక దారి పట్టి, మలుపుల దగ్గర ఎవరినీ అడక్కుండా తిరిగి రావాలి. అంతే ఆయన కోరిక.

మధ్యాహ్నాలు బేరాల్లేని వేళ కొట్టులోని కంప్యూటరు ఆటలో డ్రోన్ తోలడం నేర్చుకున్నాడు. ఆదివారాలు విజయనగరం వెళ్ళి ప్రదీప్ డ్రోన్ మీద చెయ్యి కుదుర్చుకున్నాడు. నాలుగు మోటార్లూ, కెమెరా, కళ్ళజోడూ ఒక్కొక్కటే తెప్పించి, అమ్ముడుపోని పాత మేకుల డబ్బాల వెనక దాచాడు. ఇక మిగిలింది ఫ్రేము.

ఫ్రేమంటే డ్రోన్‌కి ఎముకలగూడు. ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలాగా నాలుగు చేతులుంటాయి, ఒక్కో చేతి చివర ఒక మోటారు. దాని సైజుని ఒక మోటారు నడుమ నుంచి ఎదురు మూలనున్న మోటారు నడుమ వరకు, ఐమూలగా కొలుస్తారు. రెండు వందల యాభై, అంటే జానెడుకి కాస్త పైన, అయితే గాల్లో నిబ్బరంగా ఉంటుంది, కానీ మలుపు దగ్గర ఆలోచిస్తుంది. నూట ఎనభై అయితే ఈగలా తిరుగుతుంది, ఈగలాగే చస్తుంది. వీటి మధ్య మరో రెండు సైజులున్నాయి, రెండు వందల ఇరవై, రెండు వందల పది. ప్రదీప్ రెండు వందల పది తీసుకోమన్నాడు. అయిదంగుళాల పంకాలు సరిగ్గా పడతాయి, తిరిగే చురుకూ ఉంటుంది అన్నాడు.

ఇంకొకరి తలుపుకైతే నగరేశ్వరరావు ఒక్క క్షణంలో తేల్చేవాడు. తన విషయం కాబట్టి ఇంటర్నెట్టులో ఉన్న వాదవివాదాలన్నీ చదివాడు. రెండు వందల పదీ, రెండు వందల ఇరవయ్యీ అంటూ వర్షాకాలమంతా ఊగిసలాడాడు. తేడా పది మిల్లీమీటర్లు. ఆయన కొట్టులో అంత తేడా ఉన్న మేకుల్ని ఒకే డబ్బాలో పోస్తారు. చివరికి ఒకరోజు పొద్దున్న స్నానం చేస్తుండగా రెండు వందల పది అని నిశ్చయమైపోయింది. తడి తలతో కాసేపు అలాగే నిలబడ్డాడు. ఒక నిర్ణయం తీసుకుంటే ఒంట్లో ఎలా ఉంటుందో ఆయనకి అంతకుముందు తెలియదు.

తెలియకపోవడం వల్లే తప్పు చేశాడు. ఆ సంతోషాన్ని దాచుకోవడం చేతగాక, భోజనాల దగ్గర తల్లితో చెప్పేశాడు.

కాంతమ్మగారు ఎగరడం గురించి ఏమీ అడగలేదు. ఎగిరే వస్తువులతో ఆవిడకి తగాదా లేదు.

"మూలలెన్నిరా దానికి?"

"మూలలుండవమ్మా. చేతులుంటాయి. నాలుగు."

"చేతుల సివర్లకి దారం కట్టి సూడు. మూలలు రావేటి?"

దారం కడితే మూలలొస్తాయి. పాలిటెక్నిక్‌లో రెండేళ్ళు చదివిన మనిషి దాన్ని కాదనలేడు. ఆ సాయంత్రమే సిద్ధాంతిగారికి కబురు వెళ్ళింది.

సిద్ధాంతిగారు వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు పుచ్చుకుని, విషయం విన్నారు. నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే నగరేశ్వరరావు బతికిపోయేవాడు. ఐమూల మీద ఆయం కట్టడం తానెక్కడా చూడలేదనీ, ఆయం పొడవు వెడల్పులకే గానీ మూలకి మూల ఉండదనీ ముందుగా తన సందేహం వెలిబుచ్చారు. ప్రపంచమంతా దీన్ని ఐమూలగానే కొలుస్తుందని నగరేశ్వరరావు వినయంగా మనవి చేశాడు. సరే, ఆకాశంలో తిరిగేవాటికి పూర్వులు నియమం పెట్టలేదు గనక ఈసారికి ఒప్పుకుంటానని సిద్ధాంతిగారు లెక్కకి దిగారు. రెండు వందల పదిని ఎనిమిదితో భాగించారు. రెండు మిగిలింది.

"ధూమాయం," అన్నారు.

కాంతమ్మగారు కోడలు ఝాన్సీలక్ష్మి మెడవైపు ఒక్కసారి చూసి, తల తిప్పుకున్నారు.

రెండు వందల యాభై కూడా ధూమాయమే అయింది. నూట ఎనభై, రెండు వందల ఇరవై శ్వానాయంలో పడ్డాయి. అంగట్లో దొరికేవన్నీ సరిసంఖ్యలే, సరిసంఖ్యని ఎనిమిదితో ఎలా భాగించినా బేసి మిగలదు. చైనావాళ్ళు ఆయం చూసుకోకుండానే ఇన్ని వస్తువులు ఎలా చేస్తున్నారో అని సిద్ధాంతిగారు నిజంగానే బాధపడ్డారు. వర్తకులకి వృషభాయం మేలని, అయిదు మిగిలేలా చూసి, రెండు వందల నలభై అయిదు అని తేల్చారు.

నగరేశ్వరరావు వర్తకుడు. బేరం ఆడకుండా ఉండలేకపోయాడు. రెండు వందల అయిదుకి కూడా అయిదే మిగులుతుంది గదా అన్నాడు. శాస్త్రానికి అభ్యంతరం లేదన్నారు సిద్ధాంతిగారు. అభ్యంతరం కాంతమ్మగారికి వచ్చింది. ఎలాగూ తీసుకునేటప్పుడు పెద్దది తీసుకోవాలి గానీ, రెండూ మంచివే అయినప్పుడు చిన్నది తెచ్చుకోవడం ఏ కొంపలోనైనా ఉందా అని ఆవిడ అడిగారు. ఏ కొంపలోనూ లేదు.

రెండు వందల నలభై అయిదు పోటీ నియమానికి లోపలే ఉంది. కాస్త మొద్దుగా తిరుగుతుంది, అంతే. నగరేశ్వరరావు రెండు వందల పదికి మనసులోనే నీళ్ళొదిలి, దీనితోనే దూరివస్తానులే అనుకున్నాడు. చిక్కల్లా ఆ సైజు ఫ్రేము భూమ్మీద ఎవరూ అమ్మరు. చేయించాలి. చేయించాలి అనే మాట ఇంట్లో వినపడగానే సాలూరుకి ఫోను వెళ్ళిపోయింది.

సాలూరులో ఆయన అక్క భర్త ఆనంద్‌కుమార్‌కి లారీలున్నాయి, లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఉంది. ఆయన ఆ ఇంటి అల్లుడు. ఇంటి అల్లుడు చేస్తానన్న సాయాన్ని వద్దనడానికి కావలసిన మాటలు తెలుగులో ఇంకా పుట్టలేదు. అక్క పుట్టింటికి వచ్చిపోయే దారి ఆయన మొహం మీద ఉంది. అది చిట్లితే దారి మూసుకుంటుంది. ఆయన ఉత్సాహం చూసి నగరేశ్వరరావుకి భయం వేసింది. బొమ్మ గీసి పంపిస్తానంటే, బొమ్మలు గోడలకోసమని ఆయన నవ్వేశాడు.

"మోటారు నుంచి మోటారుకి రెండు నలభై అయిదు. అంతేగదేటి?"

"ఐమూలగా, బావగారూ."

"సర్లేవోయ్ నగరేశూ. పుట్టినకాడినుంచి బళ్ళు కొలుస్తన్నాను. నువ్వు మాకు సెప్తావేటి?"

నగరేశ్వరరావు ఫోను పెట్టేశాడు. సాలూరు ఎంతో దూరం కాదు. వెళ్ళి పక్కన నిలబడి చెప్పి రావచ్చు. వెళితే బావగారి పనిని అనుమానించినట్టవుతుంది. వెళ్ళలేదు. మోటార్లూ కెమెరా సహా సామానంతా పంపించమంటే, ఒక గుడ్డసంచీలో సర్ది, గజపతినగరం మీదుగా పోయే బావగారి లారీ డ్రైవరు చేతికిచ్చి, సంచీ కనుమరుగయ్యేదాకా రోడ్డు మీద నిలబడ్డాడు.

డ్రోన్‌ని ఆనంద్‌కుమార్ స్వయంగా, భార్యాసమేతంగా, జీపులో తీసుకొచ్చాడు. లారీ కేబిన్‌కి వాడే అల్యూమినియం రేకుతో ఫ్రేము కట్టించాడు. అంచుల వెంట ఎర్రటి పువ్వులూ పసుప్పచ్చ తీగలూ వేయించాడు. వెనక చేతికి, దిష్టి తగలకుండా, నల్లటి జడకుచ్చు వేలాడుతోంది. ఇంటిల్లిపాదీ వసారాలో చేరి చూస్తుండగా నగరేశ్వరరావు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఆయనకి టేపు అక్కర్లేదు. రెండు నలభై అయిదు ఉంది. ముందు మోటారు నుంచి దాని వెనకనున్న మోటారు దాకా, పక్కవాటంగా. లారీకి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా కొలిచినట్టు. ఐమూలగా చూస్తే మూడు వందల నలభై ఆరు.

పోటీకి దాదాపు వంద మిల్లీమీటర్లు ఎక్కువ.

మోటార్లయినా విప్పి దాచుకుందామని తిరగేసి చూశాడు. బోల్టులుండవలసిన బెజ్జాల్లో రివెట్లున్నాయి.

"బోల్టయితే అదురుకి ఊడిపోతాది," అన్నాడు ఆనంద్‌కుమార్. "రివెట్టుకి ఆ బెంగ లేదు. బండి పోతే పోవాలి గానీ మోటారు కదల్దు."

కబురందుకుని వచ్చిన సిద్ధాంతిగారు పక్కవాటం కొలిచి, అసలు శాస్త్రం ఒప్పుకునే కొలత ఇదేనని సంతోషించారు. కాంతమ్మగారు కొబ్బరికాయ కొట్టించారు. మార్కెట్ యార్డులో ఎగరేసి చూపించమన్నారు. నగరేశ్వరరావు ఎగరేశాడు. ఘాట్‌రోడ్డెక్కే లారీలాగా మూలుగుతూ, ఆగుతూ, అది లేచింది. కుడివైపు వంచితే కొంత వ్యవధి తీసుకుని వంగింది. అది ఎక్కడా ఊగలేదనీ, నిండు లోడు బండిలా నిలబడిందనీ ఆనంద్‌కుమార్ చుట్టూ ఉన్న కళాసీలకి చూపించాడు. ఊగడానికి కావలసిన చురుకు దానిలో లేదని నగరేశ్వరరావు ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఝాన్సీలక్ష్మి కొట్టుకి కేరేజీ తెచ్చింది. రోజూ పనివాడు తెస్తాడు. ఆమె వచ్చిందంటే ఏదో ఉంది. కొట్టులో ఎవరూ లేకుండా చూసి, మేకుల డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీకు కావలసింది ఏ సైజండీ?"

పెళ్ళయినప్పటినుంచి, బహుశా పుట్టినప్పటినుంచి, ఆయన్ని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"రెండు వందల పది."

"మరి గట్టిగా సెప్పలేదేం?"

ఎవరికి చెప్పాలని ఆయన అడిగాడు. అమ్మకి చెబితే నాన్న గుర్తొస్తాడు. బావకి చెబితే అక్క రావడం మానేస్తుంది. సిద్ధాంతిగారికి చెబితే ఎనిమిదితో భాగిస్తారు. ఝాన్సీలక్ష్మి, విశాఖపట్నంలో అందరి ముందూ చెప్పేయండి, నేను మీ పక్కన నిలబడతాను అంది. నగరేశ్వరరావుకి కళ్ళు చెమర్చినంత పనయింది. ఆమె లేచి, గిన్నెలు సర్దుకుని, మెట్టు దిగబోతూ ఆగింది.

"ధూమాయమంటే మరి... నిజంగా ఏటీ అవదుగదా?"

ఏమీ అవదని ఆయన చెప్పాడు. ఆమె తలూపింది. కానీ గుమ్మంలో అలాగే నిలబడి, మెడలో పసుపుతాడు సవరించుకుంది. అదీ చూశాడు ఆయన.

పోటీకి కుటుంబమంతా బయల్దేరింది. తల్లీ, అక్కా బావా, భార్యా, పులిహోర డబ్బా, డ్రోన్. మైదానంలో రంగురంగుల గేట్లు పాతి ఉన్నాయి. ఒక్కో గేటు గుడిలో మకరతోరణంలా కనిపించింది నగరేశ్వరరావుకి. ఒక బల్ల దగ్గర కొలతలు చూసే అమ్మాయి కూర్చుని ఉంది. డ్రోన్‌ని బల్ల మీద పెట్టగానే ఆమె పువ్వుల్నీ జడకుచ్చునీ చూసి ముచ్చటపడింది. తర్వాత టేపు ఐమూలగా పెట్టి, ఇది కుదరదు సార్ అంది.

ఆనంద్‌కుమార్ నడుముకున్న సొంత టేపు తీశాడు. పక్కవాటంగా పట్టి, ఇదిగో రెండు నలభై అయిదు, కళ్ళుండి సూసుకోమన్నాడు. మూల నుంచి మూలకి కొలవాలి అంకుల్ అని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఏ దేశంలో బండిని మూల నుంచి మూలకి కొలుస్తారో చెప్పమని ఆయన అడిగాడు. ఇది బండి కాదని ఆమె చెప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు తొంగి చూశారు. ఆనంద్‌కుమార్ మొహం ఎర్రబడింది. బావమరిది వైపు తిరిగాడు.

"నగరేశూ, నువ్వు సైజులోడివి. నువ్వు సెప్పు. నా కొలతలో తప్పున్నాదా?"

అక్క చూస్తోంది. నగరేశ్వరరావు టేపు వంక చూశాడు.

"మీ కొలతలో తప్పు లేదు, బావగారూ," అన్నాడు. తర్వాత బల్ల వైపు తిరిగి, "మీ కొలతలోనూ తప్పు లేదమ్మా," అన్నాడు.

రెండూ నిజమే. రెండు నిజాల మధ్య ఆయన నిలబడేందుకు చోటు లేకపోయింది. అయితే దీన్ని పక్కన పెట్టండి సార్ అంది ఆ అమ్మాయి.

అప్పుడు ప్రదీప్ వచ్చాడు. జరిగింది ఒక్క చూపులో గ్రహించి, తన సంచీలోంచి రెండో డ్రోన్ తీసి నగరేశ్వరరావు చేతిలో పెట్టాడు. అదనంగా తెచ్చుకున్నాననీ, దీనితో ఎగరేయమనీ, బల్ల దగ్గర తాను మాట్లాడతాననీ, వరస రావడానికి ఇంకా వ్యవధి ఉందనీ చెప్పాడు. నగరేశ్వరరావు చేతుల్లో అది నల్లగా, పొందిగ్గా, పిచ్చుకంత తేలిగ్గా కూర్చుంది. ఆదివారాలన్నీ ఆయన చెయ్యి కుదురుకున్నది దీని జంట మీదే. ఆయన వేళ్ళు వాటంతట అవే మోటార్ల మీదికి పోయాయి. మైదానం అవతల గేట్లు గాలికి అల్లాడుతున్నాయి.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కాంతమ్మగారు అక్కణ్ణుంచే అడిగారు.

"అదేటిరా నాయనా? అదెంతుంటాది?"

రెండు వందల అయిదు అనవచ్చు. రెండు వందల పదమూడు అన్నా అయిదే మిగులుతుంది. ఆవిడ ఐమూల కొలవడం తెలియని మనిషి, కొలిచి చూసేదీ లేదు. ఆ మూడు మిల్లీమీటర్ల అబద్ధానికి అవతల గేట్లన్నీ తెరిచే ఉన్నాయి. కానీ సైజు విషయంలో ఆయన అంతవరకూ ఎవరికీ తప్పు చెప్పలేదు. నోరు దానికి అలవాటు పడలేదు.

"రెండు వందల పదమ్మా."

కాంతమ్మగారు వద్దనలేదు. అరవలేదు, ఏడవలేదు. పక్కనున్న కోడలి చెయ్యి పట్టుకున్నారు, అంతే. పక్కన నిలబడతానన్న ఝాన్సీలక్ష్మి లేవబోయి, ఆ చెయ్యి విడిపించుకోలేక కూర్చుండిపోయింది. ఆమె భర్త వైపు చూసిన చూపులో, ఎగరేయండి అన్న మాటా ఉంది, వద్దు అన్న మాటా ఉంది. ఆనంద్‌కుమార్ తన పువ్వుల డ్రోన్‌ని చంకలో పెట్టుకుని, మొహం అవతలకి తిప్పుకుని నిలబడ్డాడు.

నగరేశ్వరరావు ఇంకాసేపు దాన్ని పట్టుకున్నాడు. తర్వాత ప్రదీప్ చేతికి తిరిగి ఇచ్చేశాడు. చాలా బాగుందండీ అన్నాడు. ఇంకేదో అనబోయి, చాలా బాగుంది అనే మళ్ళీ అన్నాడు.

పోటీ చూశారు. డ్రోన్‌లు కందిరీగల్లా దూసుకుపోతుంటే ఏది ఎవరిదో తెలియక, కాంతమ్మగారు మాటిమాటికీ మనవాళ్ళు గెలిచారేటి అని అడిగారు. మనవాళ్ళెవరూ లేరని చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. మధ్యాహ్నం చెట్టు నీడన పులిహోర తిని తిరుగుముఖం పట్టారు.

ఊళ్ళో మాత్రం ఆయన ప్రతిష్ఠ పెరిగింది. మావోడిది మరీ పెద్దదయిపోయిందట, సిన్నవాటి మధ్య ఒగ్గితే నలిగిపోతాయని రానివ్వలేదట అని కాంతమ్మగారు ఇరుగుపొరుగులకి చెప్పారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, తనకి అర్థమైంది చెప్పారు. బేరాలకొచ్చినవాళ్ళు ఆయన్ని ఒక రకమైన భయంతో చూడసాగారు. ఆయన ఖండించలేదు. ఖండించాలంటే ఐమూల దగ్గర మొదలుపెట్టాలి.

సిద్ధాంతిగారు విషయం విని, ఒకరోజంతా ఆలోచించి, మూడు వందల నలభై ఆరుని ఎనిమిదితో భాగించారట. రెండు మిగిలిందట. ఐమూల మీద ఆయం ఉండదన్న తన పూర్వాభిప్రాయాన్ని ఆయన పెద్దమనసుతో సవరించుకున్నారు. ఇదీ ధూమాయమే, అందుకే పని చెడిందన్నారు. కాంతమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకుని, గేటు దాకా పోనివ్వకుండా దేవుడే ఆపాడని దణ్ణం పెట్టుకున్నారు. అటువంటి వస్తువు ఇంట్లో ఉండకూడదు గనక డ్రోన్‌ని మళ్ళీ సాలూరు పంపించేశారు. ఆనంద్‌కుమార్ దాన్ని తన షెడ్డు గుమ్మానికి వేలాడదీయించాడు. కట్టిన బాడీల పనితనానికి అదొక మచ్చుతునక. మోటార్లు దానికే ఉన్నాయి. రివెట్లు బావగారు చెప్పినట్టే గట్టివి.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ప్రదీప్ ఫోన్ చేశాడు. ఈసారి పోటీ విజయనగరంలోనే పెడుతున్నారనీ, దగ్గరే గనక తప్పకుండా రావాలనీ, మోటార్లు తాను అరువిస్తాననీ, ఫ్రేము ఒక్కటే చూసుకుంటే చాలనీ చెప్పాడు. నగరేశ్వరరావు కొట్టు గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. గేట్లు ఎన్నని అడిగాడు. మలుపులు ఎలా ఉంటాయని అడిగాడు. మలుపుల సంగతి వింటున్నప్పుడు ఆయన కుడిచేతి బొటనవేలు తనకి తెలియకుండానే కొద్దిగా కదిలింది.

"అయితే ఏ సైజు ఆర్డరు పెట్టమంటారు నగరేశ్వరరావుగారూ?" అన్నాడు ప్రదీప్.

నగరేశ్వరరావు ఇంటివైపు చూశాడు.

"అడిగి చెప్తానండీ," అన్నాడు.